చేతికెత్తిన రాయి

చందన బల్ల మీద యాపిల్ పండు బొమ్మ పెట్టింది.

"తాతగారూ, ఇదేంటండి?"

పుల్లయ్య బొమ్మ వంక చూశాడు. తర్వాత గోడ వంక చూశాడు. గోడకి ఒకచోట సిమెంటు పెచ్చు ఊడిపోయి లోపలి ఇటుక కనపడుతోంది. ఆయన చూపు అక్కడే ఆగిపోయింది.

"యా..." అని అందించింది చందన. "యా... పి..."

"ఆయన జన్మలో యాపిల్ కొనుక్కుని తిన్నోడు కాదమ్మా," అంది వెనక నుంచి ఆయన కూతురు పున్నమ్మ. "సీతాఫలం బొమ్మ ఉంటే పెట్టు. అదన్నా గుర్తుపడతాడేమో."

చందన నవ్వి ఇంకో బొమ్మ తీసింది. బంతి. ఆ తర్వాత పిల్లి. పుల్లయ్య ఈసారి బొమ్మల వంక చూడనేలేదు.

అది నందిగామలో ఒక ఆసుపత్రి మేడ మీద గది. పుల్లయ్యకి సంక్రాంతి వెళ్ళిన కొద్దిరోజులకి పక్షవాతం వచ్చింది. కాలు మళ్ళీ స్వాధీనంలోకి వచ్చింది. కుడిచెయ్యి కొంచెం కొంచెంగా కదులుతోంది. మాట మాత్రం రాలేదు. చెప్పినవన్నీ అర్థమవుతున్నాయి, తిరిగి చెబుదామంటే నోట్లోంచి ఊపిరి తప్ప ఏమీ రావడం లేదు. మాట వచ్చేదేదో ఎక్కువగా మొదటి నెలల్లోనే వస్తుందని, ఆ తర్వాత కష్టమని డాక్టరు చెప్పాడు. మాటలు నేర్పే పని చందనది. జగ్గయ్యపేట నుంచి పున్నమ్మ ఆయన్ని ఆటోలో తీసుకొచ్చి, తీసుకెళుతోంది.

గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నవాడు రత్తయ్య, పుల్లయ్య కొడుకు. ఐర్లండు నుంచి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. మిరపకాయ కోతలు అయ్యేలోపు తిరిగి వెళ్ళాలి. ఈలోగా తండ్రి నోటి నుంచి ఒక్క మాటన్నా వినగలనా, లేక వినకుండానే విమానం ఎక్కాలా అన్నదొక్కటే అతని భయం.

ఆ భయం వెనక ఒక అలవాటుంది. అది చెప్పాలంటే రత్తయ్య ఆ దేశం ఎలా వెళ్ళాడో, అక్కడ ఏం నేర్చుకున్నాడో ముందు చెప్పాలి.

వాళ్ళది రాతిపని చేసే కుటుంబం. జగ్గయ్యపేట చుట్టుపక్కల పాత వ్యవసాయ బావులకి లోపలి రాతికట్టు చాలావరకు పుల్లయ్య చేతి మీద లేచిందే. సున్నం ఉండదు, సిమెంటు ఉండదు. రాయి మీద రాయి, మధ్య సందుల్లో బిగించే చిన్న రాతి చిప్పలు. వెనక నుంచి నల్లరేగడి మట్టి వానకి ఉబ్బి నెడుతుంది, ఎండకి బీటలిచ్చి వదులుతుంది. ఆ నెట్టుడుకి తట్టుకుని నిలబడాలంటే రాయికీ రాయికీ మధ్య చీమ దూరకూడదనేది పుల్లయ్య మాట. ఇంకో పట్టుదల కూడా ఉండేది ఆయనకి. చేతికెత్తిన రాయిని తిరిగి కింద పెట్టనిచ్చేవాడు కాదు. ఎత్తకముందు ఎంతసేపైనా చూసుకో. ఎత్తాక మాత్రం దానికి చోటు వెతకాలి. తిప్పి చూడాలి, బోర్లించి చూడాలి, అంచు కొట్టాలి. వదిలేసి ఇంకోటి ఎత్తితే సుత్తి కర్ర తిరగేసి మోచేతి మీద కొట్టేవాడు. రత్తయ్య పని నేర్చుకున్నది ఆ సుత్తి కర్ర కిందే.

బోర్లు వచ్చాక బావులు తవ్వించేవాళ్ళు లేకపోయారు. రత్తయ్య నందిగామ చేరి ప్రహరీ గోడలు, మెట్లు కట్టాడు. ఒక ఆసుపత్రికి మెట్లు కడుతుంటే అక్కడ నర్సుగా చేసే మహిమ రోజూ ఆ సగం కట్టిన మెట్ల మీంచే దూకుతూ వెళ్ళేది. "మాస్టారూ, ఈ మెట్టు ఈ ఏడన్నా అవుద్దా?" అని అడిగేది. మెట్లు అయిపోయాక కూడా రత్తయ్య అటు వెళుతుండేవాడు. రెండు ఇళ్ళవాళ్ళూ కొంత గొడవ పడి, చివరికి ఒప్పుకున్నారు.

మహిమకి ఐర్లండులో ముసలివాళ్ళని చూసుకునే ఒక కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. భార్యతోపాటు భర్త కూడా వెళ్ళొచ్చు. పుల్లయ్య ఆ మాట విని చుట్ట ఆర్పేశాడు.

"పెళ్ళాం ఉజ్జోగానికి ఎల్తంటే మొగుడు సంచి మోసుకుంటా ఎనకాల ఎల్లటం నేనెక్కడా చూళ్ళేదురా."

"అమ్మ నీ ఎనకాల రాళ్ళు మోసుకుంటా ఊరూరూ తిరిగింది గదా నానా. అది చూసావుగా."

పుల్లయ్య ఆర్పిన చుట్ట మళ్ళీ వెలిగించాడు. "అయితే బరువు సంచి నువ్వే మొయ్యి," అన్నాడు.

వాళ్ళు చేరింది ఆ దేశపు పడమటి తీరంలో ఒక పల్లెకి. సముద్రం పక్కనే. చెట్టూ చేమా తక్కువ. ఎటు చూసినా రాళ్ళు, ఆ రాళ్ళతోనే కట్టిన గోడలు. చిన్న చిన్న చెక్కల్లాంటి పొలాలు, ప్రతి చెక్క చుట్టూ నడుమెత్తు గోడ. సిమెంటు లేదు. రత్తయ్య మొదటిరోజు కిటికీలోంచి చూసి, హమ్మయ్య, ఇక్కడ నాకు తెలిసింది ఒకటుంది అనుకున్నాడు. దగ్గరికి వెళ్ళి చూసి మాత్రం పెదవి విరిచాడు. గోడ నిండా సందులే. అవతలి గొర్రె కనపడుతోంది, ఆకాశం కనపడుతోంది. వీళ్ళకి పని నేర్పినవాళ్ళు లేరు పాపం అనుకున్నాడు.

మహిమ డ్యూటీకి వెళితే ఇంట్లో తనొక్కడే. పదో తరగతి తెలుగు మీడియం ఇంగ్లీషుతో గుమ్మం దాటాలంటే బెరుకు. ఒకరోజు పక్క పొలంలో ఒక పెద్దాయన పడిపోయిన గోడ నిలబెడుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి, పేరు మార్చీన్. రత్తయ్య గోడ ఇవతల నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత ఉండబట్టలేక, కింద ఉన్న రాళ్ళలోంచి ఒకటి ఎంచి అందించాడు. ఆయన దాన్ని ఒక్కసారి తిప్పి పెట్టాడు, సరిపోయింది. ఆయన రత్తయ్య మొహం చూడలేదు, చేతులు చూశాడు. మర్నాడు రత్తయ్య పిలవకుండానే వెళ్ళాడు.

వారం గడిచాక మార్చీన్ అతనికి ఒక ముక్క గోడ వదిలాడు. వదిలేముందు అటూ ఇటూ చూపిస్తూ, సముద్రం వైపు చెయ్యి ఊపుతూ చాలా చెప్పాడు. రత్తయ్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దవాళ్ళు చెబుతుంటే మధ్యలో అడ్డం వెయ్యడం మర్యాద కాదు గనక, మన ఊళ్ళో మేస్త్రి ముందు నిలబడి ఊపినట్టే తలూపాడు. "ఊఁ... ఊఁ" అన్నాడు. మార్చీన్ సంతోషించి వెళ్ళిపోయాడు.

రత్తయ్య తనకు తెలిసిన పనంతా ఆ ముక్క మీద పెట్టాడు. సందనేది లేకుండా చిప్పలు ఏరి ఏరి కొట్టాడు. ఫొటో తీసి అక్కకి పంపి, తండ్రికి చూపించమన్నాడు. పుల్లయ్య ఫోనులో అడిగింది ఒకటే.

"చీమ దూరుద్దా?"

"దూరదు నానా."

"ఊఁ."

ఆ మనిషి నోట మెప్పు అంటే అదే. రత్తయ్య ఆ రోజంతా తేలిపోతూ తిరిగాడు.

ఆ వారంలోనే గాలివాన వచ్చింది. తెల్లారి వెళ్ళి చూస్తే అతను కట్టిన ముక్క మొత్తం గడ్డిలో వెల్లకిలా పడి ఉంది. దానికి అటూ ఇటూ ఉన్న పాత గోడలు, సందులతో సహా, చెక్కు చెదరకుండా నిలబడి ఉన్నాయి.

మార్చీన్ వచ్చాడు. కోప్పడలేదు. రత్తయ్య మణికట్టు పట్టుకుని పాత గోడ దగ్గరికి తీసుకెళ్ళి, అతని అరచేతిని ఒక సందుకి ఎదురుగా పెట్టాడు. అవతలి నుంచి గాలి సన్నగా చేతికి తగిలింది. "గీ," అన్నాడు. అంటే గాలి. సందు మీద వేలు పెట్టి "బార్న," అన్నాడు. రత్తయ్యకి అప్పుడు తెలిసింది. బావికి శత్రువు మట్టి. దాన్ని ఆపాలి. ఇక్కడ శత్రువు గాలి. దాన్ని ఆపబోతే గోడే పోతుంది. గాలిని పోనివ్వాలి. ఈ సంగతే ఆయన ఆరోజు అంతసేపు చెప్పాడు. తను తలూపాడు.

మార్చీన్ కింద పడిన రాళ్ళ వంక చూసి, "అరీష్," అన్నాడు. మళ్ళీ, అని.

ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం రత్తయ్య మహిమతో, "ఇక్కడి ఇంగ్లీషు ఏదో మోటుగా ఉంది. మన పక్క యాస మాదిరి," అన్నాడు.

"అసలది ఇంగ్లీషైతేగా!" అని మహిమ పగలబడి నవ్వింది. "అది ఐరిష్. వీళ్ళ సొంత భాష. ఈ నాలుగూళ్ళలోనే ఇంట్లో ఇంకా మాట్లాడతన్నారంట. మా దగ్గర ముసలోళ్ళు కూడా అదే. ఆయనకి ఇంగ్లీషు బాగానే వచ్చు, ఇంగ్లీషులో చెప్పమని అడుగు."

"నాకు రావాలిగా."

"మరి నేర్చుకునేదేదో ఇంగ్లీషే నేర్చుకో. ఇది డబ్లిన్ పోతే పనికిరాదు."

"డబ్లిన్‌లో నాకేం పని? నా గోడ ఇక్కడ పడింది."

మహిమ ఇంక వాదించలేదు. ఆ మర్నాటి నుంచి తనే డ్యూటీలో విన్న ముక్కలు ఒకటీ రెండూ ఇంటికి తెచ్చేది.

అలా నేర్చుకున్నాడు. పుస్తకం లేదు, క్లాసు లేదు. మార్చీన్ రాయి చాచి పట్టుకునేవాడు. దాని పేరు చెబితేగాని వదిలేవాడు కాదు. "క్లొఖ్" అంటే రాయి. "క్లొఖ్ వోర్" పెద్దరాయి, "క్లొఖ్ వ్యగ్" చిన్నరాయి. తప్పు పలికితే "అరీష్." రాయి ఇద్దరి చేతుల మధ్య ఆగిపోయేది, బరువుకి చేతులు వణికేవి. వణికే చేతులతో నేర్చుకున్న మాట మరిచిపోవడం కష్టం. రత్తయ్య తన తండ్రి పట్టుదలని మాటలకి కూడా పెట్టుకున్నాడు. ఎత్తిన మాటని ఆ రోజే ఎక్కడో ఒకచోట పెట్టాలి. బజారులో కొట్టుకి వెళ్ళి కోడిగుడ్లు, పాలు కొనుక్కుని, వస్తూ వస్తూ కొట్టు ఆవిడతో "ఈరోజు గాలి ఎక్కువ" అని ఆ భాషలో చెప్పేవాడు. ఆవిడ మొదట్లో నవ్వింది. తర్వాత్తర్వాత రత్తయ్య వస్తే మిగతావాళ్ళతో మాట్లాడుతున్న ఇంగ్లీషు ఆపేసి ఐరిష్‌లోకి తిరిగేది.

ఆదివారం తండ్రికి ఫోను. పుల్లయ్యకి ఆరోగ్యం, వాతావరణం కబుర్లు అక్కర్లేదు. "ఈ వారం ఏం మాట్రా?" అనేవాడు. అదే ఆ అలవాటు.

"తొబర్ నానా. బావి."

"తొబరు. ఊఁ. ఇంకా?"

"బల్ల. అంటే గోడ."

"గోడని బల్లంటే, మరి బల్లనేమంటారు?"

"అది నా పన్లోకి ఇంకా రాలేదు నానా."

"పన్లోకి రాందే నేర్చుకోవా? శుద్ధ మొద్దువిరా," అని ఆయన నవ్వేవాడు. ఆ తర్వాత తనూ ఒక ప్రశ్న ఇచ్చేవాడు. మీ మార్చయ్య బావి కట్టాడా ఎప్పుడన్నా? మూలరాయి ఎట్టా తిప్పుతాడు? రత్తయ్య అది మోసుకెళ్ళి అక్కడ అడిగేవాడు. అక్కడి నుంచి జవాబు, దాంతోపాటు ఒక ప్రశ్న వచ్చేవి. ఇద్దరు ముసలివాళ్ళు ఒకరినొకరు చూడకుండా, రత్తయ్య నోటితో, ఏళ్ళ తరబడి రాతిపని మాట్లాడుకున్నారు. పున్నమ్మ విసుక్కునేది. "పండగకి చీర కొన్నానని చెప్పనీరు. ఎప్పుడూ రాళ్ళేనా? ఆ మార్చీనెవరో మార్చి నెల్లో పుట్టాడా ఏంటి!"

ఈ ఏడు పక్షవాతం వచ్చాక పున్నమ్మ ఒక ఆదివారం ఫోను తండ్రి చెవికి ఆనించింది. రత్తయ్య తనే మాట చెప్పాడు. ప్రశ్న వస్తుందేమోనని ఆగాడు. ఊపిరి వినపడింది. అంతే. మహిమ పక్కనే కూర్చుని ఉంది. ఫోను పెట్టేశాక, "నువ్వెళ్ళు. ఇక్కడ నేను చూసుకుంటా," అంది.

అలా వచ్చినవాడు ఇప్పుడు నందిగామలో ఆ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

చందన బొమ్మలన్నీ సర్దేసింది. "ఈయనకి బొమ్మలు ఇష్టం లేనట్టుందండి. వదిలేద్దాం. ఏం పని చేసేవారు?"

"రాతిపనండి. బావులు," అన్నాడు రత్తయ్య.

"అయితే ఆ పని దగ్గరికి తీసుకెళ్ళండి. చేతికి అలవాటైన వస్తువు పట్టిస్తే ఒక్కోసారి దాంతోపాటు మాట వస్తుంది. నేను గ్యారంటీ ఇవ్వలేను. కానీ ఇక్కడ ఈ గోడ చూస్తూ కూర్చునేకన్నా మేలు."

జగ్గయ్యపేట శివారులో జగన్నాథరావు అనే రైతు పొలంలో బావి ఉంది. పుల్లయ్య వయసులో ఉన్నప్పుడు కట్టిన బావి. లోపల కట్టు అలాగే ఉంది గాని, నేల పైన చుట్టూ ఉండే పిట్టగోడ పోయిన వానలకి సగం కూలింది. రత్తయ్య వెళ్ళి అడిగాడు.

"నీళ్ళెటూ బోరువే. గేదె పడుద్దని పూడ్చేద్దామనుకుంటన్నా," అన్నాడు జగన్నాథరావు. "నువ్వు కడతానంటే వద్దంటానా? మీ నాన్నని ఒకసారి తోలుకురా. ఇదే బావి దగ్గర నన్ను చిన్నప్పుడు ఎట్టా కసిరేవాడో. చెప్పులతో కట్టు మీద నడవనిచ్చేవాడు కాదు. నా బావి, నా చెప్పులు!"

మర్నాటి నుంచి పుల్లయ్యకి బావి పక్కన కానుగ చెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ. పక్క కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పున్నమ్మ ఎటూ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళేదే గనక, జగన్నాథరావు కల్లంలోనే ఆ పని పెట్టుకుని తండ్రిని కనిపెట్టుకుని ఉంది.

రత్తయ్య మార్చీన్ పద్ధతే మొదలుపెట్టాడు. రాయి చాచి పట్టుకున్నాడు.

"నానా, ఇదేంటి?"

పుల్లయ్య ఎడంచెయ్యి చాచి రాయి పట్టుకున్నాడు. రత్తయ్య వదల్లేదు.

"రా... రా అను నానా."

పుల్లయ్య పెదవులు కదిలాయి. మెడ నరం ఉబ్బింది. ఏమీ రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాయి గట్టిగా లాక్కుని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఏందిరా అది, పసిపిల్లాడి దగ్గర బిస్కట్టు పెట్టి ఊరించినట్టు!" అంది పున్నమ్మ. "రాయేంటో ఆయనకి తెలవదా? నీకు నేర్పిందే ఆయన గదా."

రత్తయ్యకి చెంప మీద కొట్టినట్టయింది. అక్కడ తనకి తెలియని పేరు మార్చీన్ అడిగేవాడు. ఇక్కడ తెలిసిన పేరునే తను అడుగుతున్నాడు. అది వేరు, ఇది వేరు. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. తండ్రి ఒళ్ళో రాయిని అలాగే ఉంచి, తను పని చేసుకున్నాడు. రోజూ పొద్దున్నే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టడం, ఒళ్ళో ఒక రాయి పెట్టడం, కట్టడం.

పని చేసేటప్పుడు రత్తయ్యకి గొణిగే అలవాటు. ఇన్నేళ్ళూ రాళ్ళ మధ్య నోటికి ఎక్కింది ఆ భాషే గనక ఆ మాటలే వస్తున్నాయి. "క్లొఖ్ వ్యగ్... కాదు... అరీష్... ఊఁ." ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే పుల్లయ్య మొహం విప్పారి ఉంది. ఫోనులో విన్న మాటలు ఆయన గుర్తుపట్టాడు. పున్నమ్మ అటు చూసి, "తెలుగు మాట్లాడితే ఏడుస్తాడు, ఆ గొడవేదో వింటే నవ్వుతాడు. ఇద్దరూ ఇద్దరే," అంది. అంతవరకే. నవ్వు వచ్చింది, మాట రాలేదు.

తిరిగి వెళ్ళే రోజు దగ్గరపడింది. ఆ పొద్దున మహిమ ఫోను చేసింది. "ఇంకో వారం ఉండాలనిపిస్తే ఉండు, టిక్కెట్టు వాళ్ళతో నేను మాట్లాడతా," అంది. గొంతులో అలసట తెలుస్తోంది. రత్తయ్య ఏమీ తేల్చుకోలేక పనిలోకి దిగాడు. మనసు ఎక్కడో ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎత్తడం, తిప్పడం, పెట్టడం. ఒక వరస, దాని మీద ఇంకో వరస. మధ్యాహ్నానికి బారెడు గోడ లేచింది.

వెనక ఏదో టపటపమని చప్పుడైంది. పుల్లయ్య చేతికర్రతో కుర్చీ కాలిని కొడుతున్నాడు.

"నీళ్ళు కావాలేమో చూడక్కా."

పున్నమ్మ చెంబు తెచ్చింది. పుల్లయ్య మోచేత్తో చెంబుని నెట్టేశాడు. నీళ్ళన్నీ ఆమె చీర మీద పడ్డాయి. ఆయన మొహం ఎర్రబడింది. కర్ర ఎత్తి గోడ వైపు చూపిస్తున్నాడు.

"స..." అన్నాడు.

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"స... సం... సందు!"

రత్తయ్య గోడ వంక చూశాడు. అప్పటిదాకా చూడనేలేదు. గోడ నిండా సందులు. అవతల ఆరబోసిన మిరపకాయలు సందుల్లోంచి ఎర్రగా కనపడుతున్నాయి. పడమటి తీరంలో కట్టినట్టే కట్టేశాడు. నేల పైన నిలబడే గోడ అనగానే చేతులు అక్కడికి వెళ్ళిపోయాయి.

"సందుల్రా... ఎదవా!" అన్నాడు పుల్లయ్య. మాట ముద్దగా వచ్చింది, కానీ మాటే.

"ఏందీ! ఏమన్నాడు?" పున్నమ్మ తడిచీరతోనే తండ్రి మొహం మీదికి వంగింది.

"నన్ను ఎదవా అన్నాడక్కా."

"అయ్యో నాయనా! ఇంకోసారి తిట్టు నానా. నన్ను కూడా ఒకటి తిట్టు!"

రత్తయ్య తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెలుగులో ఏమనాలో అతనికి తోచలేదు. "అరీష్ నానా," అన్నాడు. "అరీష్."

పుల్లయ్యకి ఆ మాట తెలుసు. నుదురు చిట్లించి, పెదవులు కూడదీసుకుని, ఇంకోసారి తిట్టాడు.

ఆ వార్త విని చందన సంతోషించింది. "తిట్లు ముందు రావడం మామూలేనండి. కోపంలో వచ్చేవి, అలవాటుగా వచ్చేవి వేరే దారిన వస్తాయి. ఆ దారినే మిగతావి తెచ్చుకోవాలి," అంది.

రత్తయ్య మహిమతో మాట్లాడి ఇంకో వారం ఉన్నాడు. గోడ విప్పలేదు. విప్పితే తండ్రికి పనుండదు. చిప్పల గుట్ట కుర్చీ పక్కన పోసి, కుర్చీని గోడకి ఆనించి వేశాడు. పుల్లయ్య ఒక్కొక్క సందు చూసి, ఒక చిప్ప ఎంచి, ఎడంచేత్తో పెట్టేవాడు, కుడిచేత్తో నొక్కేవాడు. పట్టకపోతే "తిప్పు" అనేవాడు, తనకి తనే. "కొట్టు." "ఊఁ హుఁ." రోజంతా కలిపితే గుప్పెడు మాటలు. కొన్నిరోజులు అవీ వచ్చేవి కావు. పేర్లు అసలు రాలేదు. కూతుర్ని పిలవబోయి ఆగిపోయి, చేత్తో పిలిచేవాడు. కానీ చేతికెత్తిన చిప్పని మాత్రం ఒక్కదాన్నీ తిరిగి గుట్టలో వెయ్యలేదు.

వెళ్ళే ముందు ఆదివారం వచ్చింది. రత్తయ్య మార్చీన్‌కి వీడియో ఫోను కలిపాడు. తెర మీద ఊలు టోపీ, దాని కింద తెల్ల కనుబొమ్మలు. ఇన్నేళ్ళుగా ప్రశ్నలు పంపుకున్న మనుషులు మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుల్లయ్య భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. రత్తయ్య ఫోను తిప్పి బావి చూపించాడు, లోపలి కట్టు చూపించాడు, పైన గోడ వైపు తిప్పాడు. మార్చీన్ టోపీ తీశాడు.

"బాల్ ఓ యీయ ఎర్ ఎ నొబర్," అన్నాడు.

పుల్లయ్య కొడుకు వంక తిరిగాడు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. రత్తయ్య అందించబోయి ఆగాడు. పున్నమ్మ తొడిమలు తీయడం ఆపేసింది.

"ఏ... మంట... న్నాడు?"

వచ్చింది తిట్టు కాదు. అడుగుతున్నాడు.

రత్తయ్య ఫోను తండ్రికి దగ్గరగా జరిపాడు. "పని మీద దేవుడి దీవెన ఉండాలంటన్నాడు నానా. పని జరిగే చోటికి వస్తే అక్కడ ముందు ఆ మాటే అంటారు."

పుల్లయ్య తల పంకించాడు. ఫోను వంక చూశాడు, గోడ వంక చూశాడు. తన పక్కనే, ఇంకా చిప్ప పడని సందు ఒకటుంది. ఎడంచెయ్యి చాచి దాన్ని అరచేత్తో మూశాడు.

"ఆడికి..." అన్నాడు మెల్లగా, "కనప... డనీకు."